గోళ్ల రంగు గీత

మొన్న మంగళవారం మా స్ప్రేయర్ల షాపుకు సుజాత వచ్చింది. బూర్గంపాడు చుట్టుపక్కల మిరప తోటలకు, పత్తి చేలకు డ్రోన్‌తో మందు కొట్టడం ఆమె పని. పెద్ద డ్రోన్ బయట ట్రాలీ ఆటోలో ఉంది. చేయి అలవాటు కావడానికి మొదట్లో కొనుక్కున్న చిన్న డ్రోన్‌ను చంకలో పెట్టుకుని లోపలికొచ్చి, కౌంటర్ మీద పెట్టి, "అన్నా, జర స్క్రూడ్రైవర్ ఇయ్యి. కొత్త మోటర్ ఏసిన, ఉల్టా తిరుగుతున్నది" అని మా నాన్నను అడిగింది. మూత విప్పింది. మోటారు నుంచి వచ్చే మూడు వైర్లలో రెండింటిని ఊడదీసి, ఒకదాని చోట ఇంకొకటి పెట్టి, మూత మూసింది. నేను టీ గ్లాసులు పట్టుకుని కర్టెన్ పక్కన నిలబడి ఉన్నాను. టీ మీద మీగడ కట్టేలోపే పని అయిపోయింది.

గుమ్మం పక్కన నులక మంచం మీద కూర్చున్న తాత ఇదంతా చూస్తున్నాడు. "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది తాతా. రెండు వైర్లు మారిస్తే దిక్కు మారుతది" అంది సుజాత. "గంతేనా?" అని తాత మళ్లీ అడిగాడు. ఆమెకు నవ్వొచ్చింది. గట్టిగా, ఎవరైనా వింటారన్న జంకు లేకుండా మాట్లాడే మనిషి. తాత పక్కనే మంచం పట్టె మీద కూర్చుని రెక్కలు బిగిస్తూ చూపించింది. "ఇగో చూడు. నాలుగు రెక్కలల్ల రెండు ఇటు తిరుగుతయి, రెండు అటు తిరుగుతయి. ఇటు తిరిగేటియానికి తెల్ల నట్లు, అటు తిరిగేటియానికి నల్ల నట్లు. నల్లయి ఉల్టా మర. ఎడమకు తిప్పితే బిగుస్తయి." తాత, "ఎందుకట్ల?" అన్నాడు. "ఉల్టా తిరిగేదానికి మామూలు నట్ పెడితే ఆ తిరుగుడుకే వదులైపోతది తాతా. గాల్లకెల్లి రెక్క ఊడిపడ్తది." తాత ఒక నల్ల నట్టు అడిగి తీసుకుని అరచేతిలో పెట్టుకున్నాడు. దాన్ని చూశాడు. తర్వాత తన కుడిచేతి వేళ్లను చూసుకున్నాడు. నేను ఎవరికీ టీ ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయాను.

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నా పనేమో కూర్చుని చేసేది. మిషన్లతో పాటు ఇచ్చే వాడకం పుస్తకాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చి ఇస్తాను. మిక్సీ, నీళ్ల మోటారు, కుట్టుమిషను, ఏది వస్తే అది. ఇంట్లోంచి కదలకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా చేసుకోవచ్చు కనుకనే ఈ పని పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్క వాక్యం వదల్లేదు. ఈ హెచ్చరిక అందరికీ తెలిసిందే, తీసేయండి అని కంపెనీవాళ్లే చెప్పినా తీసేయను. ఎందుకో వాళ్లకు తెలియదు. ఇంట్లోవాళ్లకూ తెలియదు. ఈ నాలుగు రోజులుగా ఒక వాక్యం రాసి లేస్తున్నాను, పెరట్లోకి వెళ్తున్నాను, ఆరిన బట్టలనే మళ్లీ ఆరేస్తున్నాను. నిన్న అటక ఎక్కి, పాత లుంగీలో చుట్టి ఉన్న ఇంజన్ను దించాను. కొబ్బరికాయంత ఇంజను. దాని షాఫ్టు కొన మీద సగం మినపగింజంత ఎర్ర చుక్క ఉంది. అది నా గోళ్ల రంగు. ఒకప్పుడు అది చుక్క కాదు, గీత. మిగతా సగం నట్టు మీద ఉండేది. నట్టు గోదావరిలో ఉంది.

నేను బడికి వెళ్లే రోజుల్లోనూ మా ఇల్లూ షాపూ ఒకటే. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో కర్టెన్. కర్టెన్‌కు అవతల పెట్రోలు, ఆయిలు, కాలిన ప్లగ్గుల వాసన. ఇవతల నానమ్మ ఎండుచేపలు వేయించే వాసన. రెండూ కర్టెన్ దగ్గర కలిసేవి, నేను సరిగ్గా అక్కడే ఒక ముక్కాలిపీట వేసుకుని చదువుకునేదాన్ని. చేతికి దొరికిందల్లా చదివేదాన్ని. మందు డబ్బాల మీది కాగితాలు, పాత వారపత్రికలు, పొట్లాలు కట్టి వచ్చిన పేజీలు, అన్నీ. చదివింది డైరీలో రాసుకునేదాన్ని. షాపులో పరాయి మనిషి ఉంటే మాత్రం కర్టెన్ దాటేదాన్ని కాదు. ఎవరైనా "షమీమ్ లేదా?" అని అడిగితే నానమ్మ, "ఉన్నది, కానీ లేనట్టే" అనేది. మాది నూర్ బాషా కుటుంబం. ముత్తాత దూది ఏకాడు, తాత నాగుల్ మీరా చేతికి ఇంజన్లు వచ్చాయి. వానలు పడింది మొదలు మిరప కోతల దాకా షాపు ముందు చేలకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు వరస కట్టేవి. అడవి ఊళ్ల నుంచి మిషన్ భుజాన వేసుకుని వచ్చినవాళ్లు తమలో తాము కోయభాషలో మాట్లాడుకునేవాళ్లు. తాతకు ఆ భాష రాదు. అయినా ఆయనకు ఇబ్బంది లేదు, జబ్బేమిటో ఇంజన్నే అడిగేవాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద, పిడి తన చెవి దగ్గర పెట్టి కళ్లు మూసుకునేవాడు. ప్లగ్గు ఊడదీసి వాసన చూసి, "లూజు ఆయిల్ పోసినవా? మీ ఊరి కిరాణం షాపుల కొన్నవు కదా?" అనేవాడు. వచ్చినవాడు దొంగతనం దొరికినట్టు తల గోక్కునేవాడు.

సాయంత్రం రంపపు పొట్టులో బట్టల సోడా కలిపి చేతులు తోముకునేవాడు తాత. ఎంత తోమినా గోళ్ల అంచుల నలుపు పోయేది కాదు. నాకున్న ఒకే ఒక్క సోకు గోళ్ల రంగు. మా ఇద్దరినీ చూసి నానమ్మ, "నీకు ఎరుపు, మీ తాతకు నలుపు. ఒక్క బజారులనే కొన్నరా?" అనేది. తాత పనిలో నాకు బాగా గుర్తున్నవి రెండు పద్ధతులు. ఒకటి, నట్టును ఆయన ఎప్పుడూ బలమంతా పెట్టి బిగించలేదు. వేళ్లతో పట్టినంత పట్టి, పానాతో పావు తిప్పు తిప్పి వదిలేసేవాడు. "గట్టిగ గుంజితే మర చస్తది బిడ్డా. మనం పట్టియ్యాలె. నడుస్తుంటే నడుస్తుంటే మిగిలింది ఇంజనే బిగించుకుంటది" అనేవాడు. రెండోది, బిగించిన ప్రతి నట్టు మీద నుంచి షాఫ్టు మీదికి సన్నగా రంగుతో ఒక గీత గీసేవాడు. నట్టు ఏ మాత్రం కదిలినా గీత తెగుతుంది. ఎప్పుడూ తెగేది కాదు. గీతను చూసి ఆయన తృప్తిగా తల ఊపడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో.

ఆ ఏడు తాత చేతులు వణకడం మొదలైంది. కార్బురేటర్‌లోని గింజంత స్క్రూ జారిపడితే ఇంటిల్లిపాదీ నేల మీద పాకి వెతికాం. నాన్నకు అది చూస్తే బాధ. కానీ బాధను కోపంగా తప్ప ఇంకోలా చెప్పడం ఆయనకు రాదు. "నువ్వు బెంచీ మీద కూసుంటే గిరాకి వాపస్ పోతున్నది నాన. ఇంట్ల కూసో, రెస్టు తీసుకో" అనేవాడు. తాత వినబడనట్టు ఇంకో ప్లగ్గు వాసన చూసేవాడు.

నా తొమ్మిదో తరగతి అయిపోయిన వేసవి అది. ఊరి చుట్టూ తునికాకు కల్లాల వాసన. ఒకరోజు రామకోటయ్య గారు ఒకే రకం ఇంజన్లు రెండు గోనెసంచిలో వేసుకుని వచ్చారు. కల్లూరు దగ్గర మిరప రైతు. వాళ్ల పెద్దలు కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. ఆయనకు బొమ్మ విమానాల పిచ్చి. బొమ్మ అంటే చేతిలో పట్టేది కాదు, మంచమంత రెక్కలతో, పెట్రోలుతో ఎగిరి, చేతిలోని రిమోట్‌తో తిరిగేది. గడ్డి కోసే మిషన్ల నుంచి ఊడదీసిన ఇంజన్లు రెండు రెక్కలకూ పెట్టి, రెండేళ్లుగా ఒక విమానం కడుతున్నారట. "మీరా మేస్త్రీ, వీటిల్లో ఒకదాన్ని ఉల్టా తిప్పాలి" అన్నారు. తాత నవ్వాడు. "ఉల్టా తిరుగుతున్నది, సక్కగ చెయ్యిమని వస్తరు సార్. సక్కగున్నదాన్ని ఉల్టా చెయ్యిమని వచ్చినోళ్లు మీరే." రామకోటయ్య గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఏం చేయమంటావయ్యా? రెండూ ఒకే పక్కకి తిరిగి, నా విమానాన్ని ఎడం పక్కకి ఈడ్చుకుపోతన్నాయి. మొన్న పోయి మా గేదె పక్కన పడింది. అది రెండు రోజులు పాలియ్యలా. మా ఆవిడ రెండు రోజులు టీ ఇయ్యలా." ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగితే రెండు ఈడ్పులూ ఒకదాన్నొకటి పట్టి ఆపుతాయని, అప్పుడు విమానం తిన్నగా పోతుందని ఆయన రెండు చేతులూ గాల్లో తిప్పి చూపించారు.

"గవన్ని మాతోని కాదు సార్" అన్నాడు నాన్న. "పెట్టిపోండ్రి సార్" అన్నాడు తాత, అదే క్షణంలో. రామకోటయ్య గారు ఇంజన్లు వదిలి వెళ్లారు. అప్పుడు నాన్న అన్నాడు: "సరే నాన. ఇది నడిచిందనుకో, బెంచీ నీదే. నీ చేతులు ఆడినన్ని రోజులు నేను నోరు తెరవ. నడవకపోతే మట్టుకు నువ్వు మళ్ల పానా పట్టొద్దు." తాత, "అవ్, మంచిది" అన్నాడు. కర్టెన్ వెనక నేను పుస్తకం మూసి విన్నాను.

రామకోటయ్య గారు ఇంటర్‌నెట్ నుంచి తీసిన ఐదు పేజీల కాగితాలు కూడా ఇచ్చిపోయారు. అన్నీ ఇంగ్లీషులో. తాతకు చదువు రాదు, నాన్నకు ఇంగ్లీషు రాదు. తాత తెచ్చి వాటిని నా ఒళ్లో వేశాడు. "నువ్వు సదువు, నేను తిప్త." అంతకంటే గొప్ప మాట నాతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. మధ్యాహ్నాలు షాపులో గిరాకీ లేని వేళ నేను కర్టెన్ దాటి బెంచీ పక్కన నిలబడి చదివి, తెలుగులో చెప్పేదాన్ని. తాత ఒక్కడే ఉంటే నాకు గొంతు వచ్చేది. కాగితంలో ఉన్నది నిజానికి సులువే. ఆ రకం రెండు స్ట్రోకుల ఇంజనుకు సొంతంగా దిక్కంటూ ఉండదు. పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు ప్లగ్గులో నిప్పు పడుతుందో, దాన్ని బట్టే అది ఎటు తిరగాలో నిర్ణయమవుతుంది. నిప్పు పుట్టించేది మాగ్నెట్ అని మెకానిక్కులు పిలిచే బరువైన చక్రం. ఆ చక్రాన్ని షాఫ్టు మీద జరిపి, కాయిల్‌ను తిరగేసి బిగిస్తే ఇంజను అటు నుంచి ఇటు తిరుగుతుంది. "పాత స్కూటర్లు గిట్లనే చేసేటివి బిడ్డా. కిక్కు కొట్టంగనే ఒక్కోసారి ఎనక్కి తిరిగేటివి. గేర్ ఏస్తే బండి ఎనక్కి పోయేది, ఎక్కినోడు ముందుకు చూస్తుండేటోడు" అని తాత నవ్వాడు.

చక్రాన్ని ఒకేచోట పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్కను తాత ఆకురాయితో నున్నగా అరగదీశాడు. చక్రం ఇక ఎక్కడైనా నిలుస్తుంది. ఎక్కడ నిలపాలన్నది నా లెక్క. ఇరవై ఎనిమిది డిగ్రీలు అని కాగితం చెప్పింది. తాతకు డిగ్రీలు తెలియవు, నాకు ఇంజను తెలియదు. నోటుబుక్కు కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి చక్రం చుట్టూ చుట్టి, ఆ పొడవును స్కేలుతో భాగాలు చేశాను. పిస్టన్ పైకి వచ్చిన చోట ఒకటి, నిప్పు పడాల్సిన చోట ఒకటి, నా గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టాను. తాత డబ్బాలోని రంగు ఎండిపోయింది మరి. అటు రామకోటయ్య గారు ఉల్టా ఇంజనుకు దాని ముందు ఫ్యాన్‌లా తిరిగే రెక్క కూడా ఉల్టాది కావాలని, మామూలు రెక్కను బీరువా అద్దం ముందు పెట్టి, అద్దంలో కనిపించినదాన్ని చూస్తూ చెక్కుతున్నారని కబురు చేశారు.

నాలుగో పేజీ చివర ఒక పేరా ఉంది. అందులో నాకు అర్థం కాని మాటలు మూడు నాలుగు ఉన్నాయి. రెండుసార్లు చదివాను. తాత పానా పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తెలియదని చెప్పాలంటే నాకు సిగ్గేసింది. ఆ మూడు రోజులుగా ఇంట్లో నా మాటకు వచ్చిన విలువ ఎక్కడ పోతుందోనని భయమేసింది. "ఇక్కడ ఇంజన్ను ఊకె పొగిడిండ్రు తాతా. పనికొచ్చేది లేదు" అన్నాను. "తిప్పెయ్ మరి" అన్నాడు తాత. పేజీ తిప్పాను.

పాత రెక్కే పెట్టి మొదటిసారి నడిపిన మధ్యాహ్నం గుర్తుంది. ఉల్టా ఇంజనుకు తాడు గుంజే స్టార్టర్ పనికిరాదు. తాత ఒక కర్రకు రబ్బరు పైపు ముక్క తొడిగి దానితో రెక్కను కొట్టాడు. రెండుసార్లు తన్నింది. మూడోసారి అందుకుంది. ఇంజను ముఖం ఇంటి వైపు ఉంది. రెక్క ఉల్టా తిరిగేసరికి వీధిలోకి కొట్టాల్సిన గాలి ఇంట్లోకి కొట్టింది. కర్టెన్ ఉబ్బి, వంటింటి దాకా లేచి, చేపల పెనం దగ్గర నానమ్మ ముఖానికి చుట్టుకుంది. "అల్లా, ఏందిరో ఇది!" అని నానమ్మ కేక. తాత అర నిమిషంలో ఆపేశాడు. నవ్వుతూ ఉన్నాడు, చేతులు మామూలుగా వణుకుతూనే ఉన్నాయి. నాన్న దూరంగా నిలబడి, "గాల్ల నడవాలె. బెంచీ మీద ఏదైనా నడుస్తది" అన్నాడు. మర్నాడు పొద్దున్నే గోదావరి ఇసుకలో ఎగరేయడమని నిర్ణయమైంది. రామకోటయ్య గారు పంపిన కొత్త రెక్కను తాత తొడిగి, నట్టు వేళ్లతో పట్టి, పానాతో పావు తిప్పు తిప్పి, "ఇగ గీత గియ్యి" అన్నాడు. గీశాను. "రేపు గీత చూసే పని నీది. నా కండ్లకు ఆనదు. తెగితే చెప్పు. నువ్వేం అనకపోతే మంచిగున్నట్టే." మాట్లాడటం రాని మనవరాలికి ఆయన ఎంత వీలైన ఒప్పందం ఇచ్చాడో చూడండి.

ఆ సాయంత్రం ఆ పేరా నన్ను నిలవనివ్వలేదు. మా టీచరు దగ్గర అరువు తెచ్చుకున్న నిఘంటువు తీసి ఒక్కో మాటా చూశాను. దీపాలు పెట్టే వేళకు అర్థమైంది. ఇంజన్ను తిరగేసి నడిపినప్పుడు మామూలు నట్టు తిరుగుడుతో బిగుసుకోదు, వదులవుతుంది, కనుక దాన్ని ఊడిరాకుండా పిన్నుతోనో ఇంకో నట్టుతోనో కట్టెయ్యాలి, లేకపోతే రెక్క ఊడిపోతుంది. మిగిలింది ఇంజనే బిగించుకుంటుందని తాత నలభై ఏళ్లుగా నమ్మిన మాట, ఆ ఒక్క ఇంజను దగ్గర తలకిందులైంది. చెప్పడానికి లేచాను. షాపులో నాన్న, తాత మాటా మాటా అనుకుంటున్నారు. "రేపు నలుగుర్ల పరువు తియ్యకు నాన" అని నాన్న. "నా చేతి పని నాకు తెలుసు" అని తాత. ఇప్పుడు నేను వెళ్లి తప్పు చదివానంటే ఆ మాట ఎవరికి తగులుతుందో అనుకున్నాను. కర్టెన్ దగ్గర ఆగాను. ఆ రోజు డైరీలో ఆ పేరా మొత్తం తెలుగులో రాసి, కింద "పొద్దున లేవగానే తాతకు చెప్పాలి" అని రాశాను. ఇప్పుడు చూస్తే తడబాటు లేని మంచి అనువాదం.

పొద్దున లేవగానే రామకోటయ్య గారి ట్రాలీ ఆటో వచ్చేసింది. ఇసుకలో అప్పటికే ముప్పై నలభై మంది ఉన్నారు. చేపలు పట్టేవాళ్లు, అవతలి ఒడ్డు నుంచి దాటి వచ్చినవాళ్లు, రామకోటయ్య గారి స్నేహితులు. ఎర్ర రెక్కల విమానం ఇసుకలో పరిచిన పట్టా మీద నిలబడి ఉంది. ముందుగా విమానాన్ని నేల మీదే ఉంచి రెండు ఇంజన్లూ నడిపి చూసి ఆపేశారు. నేను వెళ్లి వంగి చూశాను. గీత తెగింది. నట్టు మీద సగం, షాఫ్టు మీద సగం, మధ్యలో బియ్యపు గింజంత తేడా.  తాత చొక్కా చేయి పట్టి లాగాను. "ఏంది బిడ్డా?" అన్నాడు. ఆయన అనగానే అందరూ నా వైపు తిరిగారు. రామకోటయ్య గారు, నాన్న, ముఖం తెలియని అంతమంది మగవాళ్లు. నా నోరు తెరుచుకుంది. "నీళ్లు కావాల్నా తాతా?" అన్నాను.

"తే" అన్నాడు. సీసా ఇచ్చాను. తాగి, మూత గట్టిగా తిప్పి నాకిచ్చాడు.

విమానం లేచింది. ఎడమకు పోలేదు, కుడికి పోలేదు. గీత గీసినట్టు తిన్నగా భద్రాచలం వైపు పోయి, తిరిగి, మా తలల మీదుగా వచ్చింది. జనం ఈలలు వేశారు. "సీదా పోతున్నది! సీదా పోతున్నది!" అని తాత చిన్నపిల్లాడిలా అరిచాడు. నాన్న ఆయన భుజం మీద చేయి వేయడం చూశాను. ఇంట్లో ఎన్నడూ చూడని దృశ్యం. రెండు చుట్లు. మూడో చుట్టులో ఒక ఇంజను మోత ఒక్కసారిగా సన్నని కేకలా మారింది. బరువు వదిలిన ఇంజను అట్లా అరుస్తుందని తర్వాత తెలిసింది. ఆ ఇంజను ముందు తిరిగే రెక్క విడిపోయి, ఎండలో మెరుస్తూ, పిట్టలా పక్కకు పోయి నీళ్లలో పడింది. విమానం పక్కకు ఒరిగి, మెలి తిరిగి పాయలోకి దూకింది. చేపలవాళ్లు దాని ముక్కల్ని బయటికి తెచ్చారు. రెక్క, నట్టు దొరకలేదు.

ఎవరూ తాతను తిట్టలేదు. రామకోటయ్య గారు తన రెండేళ్ల పని ముక్కలుగా ఇసుకలో పడి ఉంటే, తాత చేయి పట్టుకుని, "పోనీలే మేస్త్రీ. వయసు మీద పడింది, చేతులు వదులైనాయి. అందరికీ వచ్చేదేలే" అన్నారు. ఆ మంచిమాట తాతకు ఏ తిట్టూ తగలనంతగా తగిలింది. ఆయన వద్దని వదిలేసిన ఆ ఉల్టా ఇంజన్ను నాన్న సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మర్నాడు తాత తన పానాల సంచిని గోడకున్న మేకుకు తగిలించి, గుమ్మం పక్కన మంచం వాల్చుకున్నాడు. మళ్లీ బెంచీ ఎక్కలేదు. అంతకంటే నన్ను నిలవనివ్వనిది ఇంకొకటి. ఆనాటి నుంచి తాత ఏ మూతా బిగించడు. నీళ్ల సీసా అయినా, పచ్చడి జాడీ అయినా, కొబ్బరినూనె డబ్బా అయినా, ఎవరో ఒకరిని పిలిచి ఇస్తాడు. "జర బిగియ్యి. నా చేతిల బలం లేదు." రోజుకు నాలుగైదుసార్లు ఆ మాట. నేను బిగిస్తాను. ఇన్నేళ్లుగా, రోజూ, నేనే బిగిస్తున్నాను.

ఇప్పుడు షాపులో బెంచీ లేదు. స్ప్రేయర్లన్నీ బ్యాటరీవి అయ్యాయి, బెంచీ చోట ఛార్జర్ల అరలు వచ్చాయి. పెట్రోలు వాసన పోయాక నానమ్మ పోయింది, చేపల వాసనా పోయింది. కర్టెన్ మాత్రం ఉంది. అప్పుడు ఒక ఇంజన్ను ఉల్టా తిప్పడానికి ఆకురాయి, కాగితపు పట్టీ, అద్దం, నాలుగు మధ్యాహ్నాలు కావాల్సి వచ్చాయి. ఇప్పుడు రెండు వైర్లు చాలు. అప్పటి నా వయసున్న పిల్లలు ఇప్పుడు ఏదైనా తెలియకపోతే ఫోన్‌ను అడుగుతారు, సిగ్గుపడరు. ఈ లెక్కలన్నీ వేసుకుంటూ పెరట్లో ఎన్నిసార్లు తిరిగినా, ఉల్టా తిరిగేదానికి మామూలు నట్టు వదులవుతుందని సుజాత ఏ జంకూ లేకుండా ఒక్క ముక్కలో చెప్పిన మాట దగ్గరికే వచ్చి ఆగుతున్నాను. అది నేను చెప్పాల్సిన మాట.

నిన్న మధ్యాహ్నం నాన్న బజారుకు వెళ్లాక ఇంజన్ను, పాత డైరీని తీసుకెళ్లి తాత మంచం మీద పెట్టాను. ఆయన ఇంజన్ను గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాడు. "తాతా, నాలుగో పేజీల ఒకటి వదిలేసిన ఆ రోజు" అన్నాను.  డైరీ తెరిచి చదివాను. పేరా మొత్తం, కింద రాసుకున్న వాక్యంతో సహా. తర్వాత ఇసుకలో గీత తెగిందని, చూశానని చెప్పాను. తాత ముఖం మళ్లీ ఇంజను వైపు తిప్పాడు. నేను ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడుపు రాలేదు. ఆయన మొదట అడిగింది మెకానిక్కు అడిగే ప్రశ్న.

"ఎంత జరిగింది?"

"బియ్యపు గింజంత."

"ఏ దిక్కుకు?"

వేలితో చూపించాను. ఆయన కుడిచేతి రెండు వేళ్లు గాల్లోకి లేచి, కనిపించని నట్టును ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి చూశాయి. "ఇంజనే ఇప్పుకున్నది" అన్నాడు మెల్లగా. "నేను పట్టిచ్చింది సరిగ్గనే పట్టిచ్చిన."

"అవ్ తాతా."

"మరి నువ్వు నీళ్లు కావాల్నా అనడిగినవు."

"అవ్."

"నేను తాగిన గూడా." ఇంజన్ను నా వైపు జరిపాడు. "బెంచీ ఏదే షమీమ్? బెంచీ అమ్ముకున్నరు గదే. ఇప్పుడు సదువుతున్నవా నాకు!" ఆ కేకకు పక్క షాపు ఆయన తొంగిచూశాడు. చిన్నప్పుడైతే నేను కర్టెన్ వెనక్కి పరిగెత్తేదాన్ని. నిలబడ్డాను. తాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం టీ తాగలేదు. నాన్న వచ్చి, "ఏమైంది?" అని అడిగితే, నేను అదే డైరీ పేజీ నాన్నకూ చదివి వినిపించాను, పక్క షాపు ఆయన వింటుండగానే. నాన్న ఛార్జర్ల అరల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు కోపం రాలేదు. అంటే బాధ ఎంతగా ఉందో నాకు తెలిసింది.

ఇవాళ పొద్దున్న కూడా తాత నాతో మాట్లాడలేదు. పని ముందు కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. పదిసార్లు మంచం దాకా వెళ్లి వచ్చాను. మూత బిగించమని ఆయన నన్ను పిలవలేదు, ఎవరినీ పిలవలేదు. ఎండ ఎక్కాక దాహమేసి, మంచం కింద ఉన్న ఆయన నీళ్ల సీసా తీసుకున్నాను. మూత తిప్పాను. రాలేదు. కొంగు పట్టి తిప్పాను. అప్పటికీ రాలేదు. అది నేను బిగించిన మూత కాదు. తాత గోడ వైపే తిరిగి పడుకుని ఉన్నాడు, కానీ మెలకువగానే ఉన్నాడని వీపు చెబుతోంది. షాపులో ఇద్దరు గిరాకీలున్నారు.

"తాతా, ఇది వస్తలేదు" అన్నాను, వాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.